మాటకు ముందు పది నిమిషాలు

సరుకులో రెండు జాతులున్నాయి. నిలవుండేది ఒకటి, ఉండనిది ఒకటి. బెల్లం, చింతపండు, ఎండుమిర్చి మొదటి జాతి. వాటిని నమ్ముకున్నవాడు మధ్యాహ్నం భోంచేసి ఒక కునుకు తీయవచ్చు. టమాటా రెండో జాతి. దాన్ని నమ్ముకున్నవాడు తుమ్మబోయే ముందు కూడా ఎండ ఎంతెక్కిందో చూసుకోవాలి.

గుండ్లబైలు టమాటా మార్కెట్టులో మండీ నడిపే కదిరప్ప శెట్టికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయన లెక్కలో మాట కూడా టమాటా జాతిదే. దోరగా ఉన్నప్పుడే నోట్లోంచి దిగిపోవాలి. ఆపి ఉంచితే మెత్తబడుతుంది. ఇంకా ఆపితే వాసన వస్తుంది.

ఆయన హిందీ నేర్చుకున్నది కూడా ఈ లెక్క మీదే. బడి లేదు, పుస్తకం లేదు. లారీ డ్రైవర్ల దగ్గర తిట్లు, టీ కొట్టు దగ్గర మర్యాదలు, రాయ్‌పూర్ నుంచి వచ్చే ఘనశ్యాం సాహు దగ్గర మిగతాదంతా పోగుచేసుకున్నాడు. సాహు తెలుగు నేర్చుకున్నదీ అట్లాగే, కదిరప్ప దగ్గరే. ఒకరి హిందీ ఎంత కుంటిదో ఇంకొకరి తెలుగు అంతే కుంటిది. ఇద్దరి పెట్టుబడీ సమానం కాబట్టి ఇరవై ఏళ్లుగా ఆ పొత్తులో తగాదా రాలేదు.

"శెట్టీ, ఈ కాయ దూరం పోతాడా?" అని సాహు అడిగేవాడు.

"జాయేగా సాహుజీ! తుమ్ డర్ మత్, హమ్ హై," అని, పోతుంది, భయం లేదు, నేనున్నానన్నట్టు కదిరప్ప భుజం తట్టేవాడు.

అంతే. లారీ నిండేది.

సాహు ఒక్కడు కాదు. మందకు ముందు నడిచే పొట్టేలు ఎటు తిరిగితే మంద అటు తిరిగినట్టు, సాహు లారీ ఎక్కడ ఆగితే ఉత్తరాది లారీలన్నీ అక్కడ ఆగుతాయి. సరిహద్దు అవతల ఇంకో మార్కెట్టు ఉంది. వాళ్లు సాహుకు ఏటా దీపావళికి మిఠాయి డబ్బా పంపుతారు. కదిరప్పకు ఆ డబ్బా సంగతి తెలుసు. సాహును నిలుపుకుంటే గుండ్లబైలు ఉంటుంది, పోగొట్టుకుంటే టమాటాలు రోడ్డు పక్క గుట్టలవుతాయి. ఆయన బతుకు మొత్తం తీసివేతలు, కూడికలు అయ్యాక చివర నిలిచే మొత్తం ఇదొక్కటే.

ఇట్లాంటి చోటికి, బడులకు వేసవి సెలవులిచ్చిన రోజుల్లో, అన్యభాషా వాగ్వికాస సంస్థ వారు వచ్చారు.

సంస్థ దగ్గర పరిశోధన ఉంది. దాన్ని ప్రయోగించడానికి మనుషులు లేరు. పిల్లలు సెలవులకు పోయారు. పరభాష మాట్లాడేవాళ్లు గుంపుగా ఎక్కడ దొరుకుతారని వెతికితే టమాటా మార్కెట్టు కనిపించింది. సంస్థ సంచాలకులు డాక్టర్ సుధాకరం గారు వేలంపాట అరుగు ఎక్కి, మైకు సరిచేసుకున్నారు. సన్నగా, తెల్లగా, ఇస్త్రీ చెదరకుండా ఉన్నారు. ఎండలో కూడా నీడలో ఉన్నట్టే ఉన్నారు.

"సోదర వణిజులారా! ద్వితీయ భాషా వ్యవహర్త, వాక్కార్యమునకు ఉపక్రమించుటకు మునుపు పది నిమిషముల పూర్వ ప్రణాళికా కాలమును వినియోగించుకొన్నచో, అతని భాషణమునందు ధారయు, విస్తారమును గణనీయముగా వర్ధిల్లునని నిర్ద్వంద్వముగా నిరూపితమైనది."

హమాలీల మేస్త్రి దస్తగిరి కదిరప్ప చెవి దగ్గరికి వంగాడు. "ఏమంటా ఉండాడన్నా?"

"పరభాషలో నోరు తెరిచే ముందు పది నిమిషాలు కూసోని ఆలోచించుకోమంటా ఉండాడు."

"ఆయప్ప ఆలోచించుకోనే వచ్చినాడా?"

"వచ్చినట్టే ఉంది. మాట పొడుగు చూడు."

కదిరప్ప వ్యాపారి. ఎవరు ఏ సరుకు తెచ్చినా గంప అడుగున చెయ్యి పెట్టి చూడకుండా ఒప్పుకోడు. లేచి నిలబడ్డాడు.

"సామీ, పది నిమిషాలు ఆలోచించుకుంటే తప్పులు తగ్గుతాయా?"

సుధాకరం గారు కొంచెం ఇబ్బందిపడ్డారు. అబద్ధం ఆడే మనిషి కాదు. "శుద్ధి విషయమై ఫలితములు మిశ్రమముగా ఉన్నవి."

"అంటే గంప పెద్దదవుతాది, కుళ్లు కాయలు కుళ్లు కాయల మాదిరే ఉంటాయి."

"చక్కని స్థానికోపమానము," అని సుధాకరం గారు ఆనందించి, తర్వాతి అంశంలోకి వెళ్లారు.

తర్వాతి అంశం ప్రభుత్వ ఉత్తర్వు. మార్కెట్టు ఆవరణలో పరభాష మాట్లాడదలచినవారు విధిగా ప్రణాళికా మందిరంలో పది నిమిషాలు గడిపి రావాలి. అట్లా రాకుండా మాట్లాడినవారి లైసెన్సు రద్దు. మందిరం అంటే పాత కాటా షెడ్డు. కాటాలు బయట పడేసి, గోడకు ఎదురుగా బెంచీలు వేశారు. మనిషి మొహం చూస్తే ఆలోచన చెదురుతుందట. ఆలోచించినది చీటీ మీద రాసుకోవచ్చు. అయితే బయటికొచ్చేటప్పుడు గుమ్మం దగ్గర చీటీ లాక్కుంటారు. ఎందుకని అడిగితే, చదివితే అది భాషణం కాదు, పఠనం అన్నారు. ఆవరణ మధ్యలో ఎత్తుబల్ల మీద ఈల పట్టుకుని సంస్థ ఉద్యోగి ఒకడు కూర్చున్నాడు. అతనికి ఉద్యోగం పేరు ఏదో పొడుగ్గా ఉంది కానీ, రెండో రోజుకే అందరూ ఈలయ్య అనడం మొదలుపెట్టారు.

మొదటి ఉదయం సాహు వచ్చాడు. గంగులమ్మ తోట కాయ చేతిలోకి తీసుకున్నాడు. గంగులమ్మ మొగుడు పోయినా టమాటా మడి వదలని మనిషి. ఆమె కాయంటే సాహుకు గురి.

"శెట్టీ, గట్టి ఉన్నాడా?" అన్నాడు. ఈల మోగింది. సాహుకు తెలుగు పరభాష. షెడ్డుకు పంపించారు. పది నిమిషాలకు తిరిగొచ్చి, "మహాశయా! ఈ ఫలము యొక్క కాఠిన్యమును గూర్చి తమ అభిప్రాయము తెలుపగలందులకు విన్నపము" అన్నాడు. సంస్థ వారు గోడకు అంటించిన మాదిరి వాక్యాలు మనిషిని అంతపని చేశాయి.

ఇప్పుడు కదిరప్ప వంతు. సాహుకు సరిగా తలకెక్కాలంటే హిందీలోనే జవాబు చెప్పాలి. షెడ్డులోకి పోయి గోడ వైపు కూర్చున్నాడు. చెప్పాల్సింది 'గట్టిదే, తీసుకో' అని. దానికి పది నిమిషాలు ఎక్కడ ఖర్చు పెట్టాలో ఆయనకు అర్థం కాలేదు. ఖాళీగా కూర్చుంటే నష్టం కదా అని ముందు విత్తనం గురించి, ఆ తర్వాత వాన గురించి, చివరికి గంగులమ్మ మంచితనం గురించి వాక్యాలు అల్లాడు. బయటికొచ్చి సాహుకు వినిపించాడు. పెద్ద వాక్యం. దాంట్లోకి దిగినవాళ్లు ఒడ్డు కనపడక ఆగిపోయారు.

వాక్యం పండేసరికి కాయ కూడా పండింది. సాహు వేలుతో నొక్కి చూసి కింద పెట్టేశాడు.

"అద్భుతము! అద్భుతము!" అన్నారు సుధాకరం గారు. "అవాంతర వాక్యములు ఎన్ని వచ్చినవో గమనించితిరా?"

"కాయ మెత్తబడింది సామీ," అన్నాడు కదిరప్ప.

"కాయ మా పరిధిలోనిది కాదు."

వారం తిరగకముందే సుధాకరం గారు ఇంకొకటి కనుక్కున్నారు. సాహును పిలిచి ఎంతో మర్యాదగా మాతృభాష ఏదని అడిగారు. సాహు ఛాతీ పొంగించి, ఛత్తీస్‌గఢీ అన్నాడు. అనకుండా ఉంటే బాగుండేది.

"అటులైన హిందీ కూడా తమకు ద్వితీయ భాషయే!"

ఆ రోజు నుంచి సాహు ఏ భాషలో నోరు తెరవాలన్నా షెడ్డుకే పోవలసి వచ్చింది. ఒక్కొక్కసారి కదిరప్పా సాహూ ఒకే బెంచీ మీద పక్కపక్కన, గోడకు ఎదురుగా, పెళ్లిపీటల మీది వధూవరుల మాదిరి కూర్చునేవారు. బేరం ఆడాల్సిన ఇద్దరూ అక్కడే ఉన్నారు. మాట్లాడుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే మాట్లాడుకోవడం ఎట్లాగో ఆలోచిస్తున్నారు.

ఇంక లారీ సంగతి.

ఒక హర్యానా లారీ వెనక్కి వస్తోంది. వెనక గంగులమ్మ క్రేట్లు దొంతిగా ఉన్నాయి. డ్రైవరుకు అవి కనపడవు, తెలుగు తెలియదు. గంగులమ్మ "ఆగప్పా, ఆగు" అని అరుస్తూనే ఉంది, అతనికి అదేదో కూరగాయల పేరనిపించింది. దస్తగిరి చెయ్యెత్తి "రుక్" అనబోయాడు. ఈలయ్య ఈల నోట్లో పెట్టుకుని ఆయన వైపే చూస్తున్నాడు. దస్తగిరికి హమాలీ లైసెన్సు ఉంది, ఇంట్లో ఆరుగురున్నారు. నోరు మూసుకుని షెడ్డుకు పరుగెత్తాడు.

ఆలోచించి వచ్చాడు. డ్రైవరు కిటికీ దగ్గర నిలబడి, చేతులు కట్టుకుని, చక్కని హిందీలో చెప్పాడు. "గౌరవనీయులైన చోదకుల వారూ! తాము వాహనమును వెనుకకు నడుపదలచినచో, వెనుకనున్న టమాటాలను దృష్టియందుంచుకొనవలసినదిగా ప్రార్థన" అని దాని భావం.

డ్రైవరు అప్పటికే దిగి, చక్రాల కింది చట్నీని పుల్లతో గీకుతున్నాడు. ముందే చెప్పాల్సింది గదా అని తన భాషలో అన్నాడు. అది అతని సొంత భాష కాబట్టి ఈల మోగలేదు.

సంస్థ నివేదికలో ఈ ఘటనకు ఒక పేజీ దక్కింది. 'సాధారణముగా ఒక్క పదముతో ముగియు హెచ్చరిక, పూర్వ ప్రణాళిక వలన సంబోధన, షరతు, విన్నపములతో కూడిన సంపూర్ణ భాషణముగా వికసించినది.' చట్నీ ప్రసక్తి లేదు.

గంగులమ్మ నివేదికల కోసం ఆగే మనిషి కాదు. కొంగు బిగించి నేరుగా అరుగు దగ్గరికి వచ్చింది.

"ఏమయ్యా పెద్దమనిషీ! నీ పది నిమిషాలు నా మడి మొత్తం మింగేసినాయి గదయ్యా! నీ నోట్లో మన్నుబడ, ఆ నాయాలి ఈల తీసుకోని నీళ్లల్లో పారెయ్!"

సుధాకరం గారు కోపగించుకోలేదు. తల పక్కకు వాల్చి, కొత్త పిట్ట కూత విన్నవాడిలా విన్నారు. విన్నకొద్దీ ఆయన మొహం వెలిగింది. కదిరప్పకు ఆ వెలుగు నచ్చలేదు. తూకంలో దెబ్బతీయబోయేవాడి మొహం కూడా ముందు అట్లాగే వెలుగుతుంది.

"అమ్మా, తమరిప్పుడు పలికినది ప్రామాణిక తెలుగు కాదు. కాబట్టి ప్రామాణిక తెలుగు తమకు మాతృభాష కాదు. కాబట్టి..."

"కాబట్టి?"

"ద్వితీయ భాష."

గంగులమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "మా యమ్మ పాలతో పోసిన మాట గూడా అద్దెదేనా?"

"పాలతో పోసినది తమ సొంతమే తల్లీ. ఇంట్లో వాడుకొనుడు. ఆవరణలో వాడవలసినది ప్రామాణికము. దానికి పది నిమిషములు."

అంతటితో గుండ్లబైలు మార్కెట్టులో ఎవరికీ సొంత భాష మిగల్లేదు. తెలుగువాళ్లు తెలుగుకు, ఇదే లెక్కన హిందీవాళ్లు హిందీకి, సాహు రెండింటికీ షెడ్డు ముందు వరుస కట్టారు. వరుసలో ముందున్నవాణ్ణి జరగమనాలన్నా షెడ్డులోకి పోయి రావాలి, షెడ్డులోకి పోవాలంటే వాడు జరగాలి. ఎక్కువమంది ఈ లెక్క తేలక నోరు మూసుకుని ఇంటికి పోయారు. తెల్లవారుజామున రెండు ఊళ్లకు వినపడే వేలంపాట పోయింది. కాకులు కూడా వింతగా చూసి, కాసేపు అరిచి, తోడు లేక మానేశాయి.

అప్పుడొకరోజు సాహు షెడ్డులో కూర్చుని బయటికొచ్చాడు. కదిరప్ప ఎదురుగా నిలబడి అన్నాడు, "శెట్టీ, రేపు రాను."

అన్ని నిమిషాల ప్రణాళికకు మూడే మాటలు. విస్తారం బొత్తిగా లేదని సుధాకరం గారు నొచ్చుకున్నారు. కదిరప్పకు మాత్రం ఆ మూడు మాటలూ మూడు రాళ్లయి గుండెలో దిగాయి. సరిహద్దు అవతలి మిఠాయి డబ్బా కళ్ల ముందు తెరుచుకుంది. జవాబు చెప్పాలంటే షెడ్డుకు పోవాలి. పోయి వచ్చేసరికి సాహు ఉండడు.

భుజం మీద తువ్వాలు తీశాడు. మొహం తుడుచుకోబోయి ఆగాడు.

కదిరప్ప తండ్రి పశువుల సంతలో దళారి. ఎద్దును కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి మీద తువ్వాలు కప్పుకునేవారు. ధర నోటితో అనరు. లోపల వేళ్లు పట్టుకుంటారు, ఒత్తుతారు, విదుల్చుకుంటారు, మళ్లీ పట్టుకుంటారు. చుట్టూ వందమంది నిలబడినా ఏ ధరకు తెగిందో మూడోవాడికి తెలియదు. చిన్నప్పుడు కదిరప్ప తండ్రి పక్కన నిలబడి ఆ తువ్వాలు కదలడం చూసేవాడు. వ్యాపారంలో నోరు కంటే వేళ్లు నిజాయితీ అని తండ్రి అనేవాడు.

సాహు చెయ్యి పట్టుకున్నాడు. తువ్వాలు కప్పాడు. రెండు వేళ్లు ఒత్తాడు.

సాహు ఉలిక్కిపడ్డాడు. తర్వాత మీసాల కింద నవ్వాడు. లోపల అతని వేళ్లు కదిలాయి, తడుముకోకుండా, పాత ఇంట్లోకి చీకట్లో నడిచినవాడిలా. రాయ్‌పూర్ పక్క సంతల్లో సాహు తాత కూడా ఎద్దుల బేరగాడే. ఇరవై ఏళ్లలో ఈ సంగతి ఒకరికొకరు చెప్పుకునే అవసరం రాలేదు. నోళ్లు పనిచేస్తున్నప్పుడు ఎవరు చెప్పుకుంటారు?

లారీ నిండింది. సాహు మర్నాడు కూడా వచ్చాడు.

నాలుగు రోజుల్లో మార్కెట్టంతా తువ్వాళ్లే. తువ్వాలు లేనివాళ్లు లుంగీ కొంగులు, గోతాం ముక్కలు కప్పుకున్నారు. గంగులమ్మ తన పైటకొంగు కప్పి, ఆగ్రా వ్యాపారి వేళ్లు విరిచినంత పని చేసి, తను అడిగిన ధరే రాబట్టింది. ఒక్క మాట లేదు, ఒక్క ఈల లేదు. ఎత్తుబల్ల మీద ఈలయ్యకు పని లేక నిద్ర పట్టింది.

సంస్థ వచ్చి మూడు నెలలు నిండేసరికి ఈ నిశ్శబ్దం కబురు రాజధానికి చేరింది. ఉన్నతస్థాయి సమీక్షా సంఘం వచ్చింది. దాని అధ్యక్షురాలు కళ్లజోడు పైకి నెట్టుకుని మార్కెట్టంతా కలియతిరిగారు. చెవి పక్కన చెయ్యి పెట్టి విన్నారు.

"ఒక్క తప్పు కూడా వినరాలేదు," అన్నారు ఆశ్చర్యంతో.

"మూడు మాసముల క్రితము ఇచ్చట నిమిషమునకు ఎన్ని తప్పులు దొర్లెడివో తమరు ఊహింపజాలరు," అన్నారు సుధాకరం గారు. "నేడు శూన్యము. ఎవరును తడబడుట లేదు, నీళ్లు నములుట లేదు."

"ఎవరూ మాట్లాడడం కూడా లేదు కదా?"

"అది ప్రణాళికకు పరాకాష్ఠ."

అధ్యక్షురాలు తృప్తిపడ్డారు. ఆదర్శ వ్యవహర్తగా ఒకరిని సన్మానించాలన్నారు. మూడు నెలల్లో అందరికంటే తక్కువ మాట్లాడినవాడు కదిరప్ప అని తేలింది. అరుగు ఎక్కించి పెద్ద పట్టు శాలువా కప్పారు. అరుగు కింద సాహు నిలబడి ఉన్నాడు. పొద్దు ఎక్కుతోంది, బేరం తెగలేదు, గంగులమ్మ కాయ ఎండలో ఉంది. అంత వెడల్పు గుడ్డ చేతికొచ్చాక వృథా చేసే గుణం కదిరప్పకు లేదు. వంగి సాహు చెయ్యి అందుకుని శాలువా కిందికి లాక్కున్నాడు.

మైకు ముందున్న సుధాకరం గారు మధ్యలో ఆగారు. "శాలువా కింద ఏదో కదలుచున్నది."

ఆయనే వచ్చి శాలువా ఎత్తారు. రెండు చేతులు, పది వేళ్లు, ముడి మీద ముడి. ఆయన మొహం మళ్లీ వెలిగింది.

"అంగుళీ భాష!" అన్నారు సుధాకరం గారు. "వ్యాకరణము కలదు, వాక్యములు కలవు. మరి ఇది ఎవరి మాతృభాష?"

ఎవరూ పలకలేదు. పలకడానికి వీల్లేదు.

"ఎవరిదీ కాదు. కావున ద్వితీయ భాష. చేతులు కలుపుటకు ముందు పది నిమిషములు!"

ఈలయ్య ఉలిక్కిపడి లేచి ఈల ఊదాడు. సాహు వేళ్లు కదిరప్ప వేళ్లలోంచి జారిపోయాయి. సాహు కదిరప్ప వైపు చూశాడు, షెడ్డు వైపు చూశాడు, తిరిగి తన లారీ వైపు నడిచాడు. ఎక్కి కూర్చున్నాడు. అతని వెనక ఆగ్రా లారీ ఇంజను మొదలైంది. దాని వెనక నాగపూరు లారీ. పొట్టేలు తిరిగింది, మంద తిరుగుతోంది.

కదిరప్ప లెక్క ఒక్క క్షణంలో అయిపోయింది. ఒక పళ్లెంలో లైసెన్సు, ఇంకో పళ్లెంలో సాహు. సాహు లేని లైసెన్సు గోడకు మేకు కొట్టి తగిలించుకోవడానికే పనికొస్తుంది. శాలువా నడుముకు చుట్టి అరుగు మీంచి దూకాడు.

"ఓయ్ సాహుజీ! రుకో! కహా జాతా రే! బీస్ బరస్ హమ్ తుమ్ ఏక్ గ్లాస్ మే చాయ్ పియా! యే టమాటా కౌన్ ఖాయేగా, మేరా బాప్ ఖాయేగా? వో మిఠాయి వాలా తుమ్‌కో కాయ దిఖాతా, దిల్ నహీ దిఖాతా! ఉతరో! నీచే ఉతరో! గంగులమ్మ రోతా హై! మై భీ రోతా హై! దిగప్పా సామీ, దిగు!"

ఇరవై ఏళ్లు ఒకే గ్లాసులో టీ తాగినవాళ్లం, ఈ కాయ ఇంకెవరు తింటారు, ఆ మిఠాయివాళ్లు కాయ చూపిస్తారే గాని మనసు చూపించరు, దిగమని దాని సారం. అందులో హిందీ పండితుడు చూస్తే మూర్ఛపోయే తప్పులు పదో పదిహేనో ఉన్నాయి. చివర తెలుగు కూడా కలిసింది. ఈలయ్య ఈల నోటి దగ్గర పెట్టుకుని ఊదడం మర్చిపోయాడు. సాహు లారీ పలక మీద కాలు పెట్టి, ఒక్క నిమిషం ఆగి, దిగాడు.

"శెట్టీ," అన్నాడు తన పాత తెలుగులో. "ఏడవకు. టీ తాగుతుంది మనం."

వెనక ఆగ్రా ఇంజను ఆగింది. నాగపూరు ఇంజను ఆగింది.

మార్కెట్టంతా సుధాకరం గారి వైపు తిరిగింది. లైసెన్సు పోయినట్టే. సుధాకరం గారు వణుకుతూ నిలబడి ఉన్నారు. కోపమనుకున్నారు అందరూ. కాదు, ఆనందం. కళ్లలో నీళ్లు.

"ధార!" అన్నారు. "నిరర్గళ ధార! ఒక్క విరామము లేదు! అధ్యక్షులవారూ, విన్నారా? పది నిమిషముల ప్రణాళికతో ఎన్నడైనా ఇంతటి ధార వచ్చెనా? రాలేదు. ఏల? కాలము చాలలేదు! ఈ మహనీయుడు మూడు మాసములు మౌనము పాటించెను. ఈ భాషణమునకు పూర్వ ప్రణాళికా కాలము మూడు మాసములు!"

అధ్యక్షురాలు రాసుకున్నారు. "అయితే సిఫారసు?"

"ఇకపై రాష్ట్రమంతటను, ద్వితీయ భాషలో ప్రతి భాషణమునకు ముందు మూడు మాసముల ప్రణాళిక. ఇప్పుడే ప్రకటించెదను." మైకు వైపు నడిచారు.

గంగులమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. టమాటాకు మూడు నెలలంటే మూడు జన్మలు. కదిరప్ప మాత్రం మెల్లగా అరుగు ఎక్కాడు. సరుకు గంప అడుగున చెయ్యి పెట్టే అలవాటు ఆయనది. ఇప్పుడు అడుగు తగిలింది.

"సామీ, నా మూడు నెలలు అయిపోయినాయి గదా. నేను మాట్లాడొచ్చునా?"

"సంతోషముగా!"

"తమది ఏ ఊరు?"

"శ్రీకాకుళము దాపున."

"చిన్నప్పుడు మీ యమ్మ తమర్ని అన్నానికి పిలిచేటప్పుడు 'నిర్ద్వంద్వముగా భుజింపుము' అనేదా?"

సుధాకరం గారు నవ్వారు. చాలా ఏళ్ల తర్వాత నవ్వినట్టుంది, మొహం ఇస్త్రీ కొంచెం నలిగింది. "లేదయ్యా. 'ఓర్నాయినా, కూడు తినీసి ఎళ్లరా' అనీది." ఆ మాట ఆయన నోటికి ఎట్లా వచ్చిందో ఆయనకే తెలియక పెదవులు తడుముకున్నారు.

"ఎంత కమ్మగా ఉంది సామీ. మరి ఇప్పుడు మైకులో చెప్పబోయే భాష ఆయమ్మది కాదు గదా."

"కాదు."

"అయితే అది తమరికి..."

సుధాకరం గారు మైకు మీద చెయ్యి పెట్టి అట్లాగే నిలబడిపోయారు. ముందే చెప్పినట్టు, అబద్ధం ఆడే మనిషి కాదు. సిద్ధాంతానికి తన ఇల్లు మినహాయింపు అనుకునే రకమూ కాదు. కదిరప్పకు ఆ క్షణంలో ఆయన మీద నిజంగా గౌరవం కలిగింది. తన తూకపురాయి తన మీదే పెట్టుకుని చూసుకునేవాళ్లు వ్యాపారంలో కూడా తక్కువ.

"ద్వితీయ భాష," అన్నారు సుధాకరం గారు నెమ్మదిగా. వెంటనే, ఆ మాట అనడానికి కూడా ప్రణాళిక లేకపోయిందని గ్రహించి, రెండు చేతులతో నోరు మూసుకున్నారు. మైకు ఆపారు. అరుగు దిగి, ఎవరి వైపూ చూడకుండా షెడ్డులోకి పోయి, గోడకు ఎదురుగా బెంచీ మీద మూడు నెలల ప్రణాళికకు కూర్చున్నారు. అధ్యక్షురాలు ఆయన్ను పిలవబోయి, తన సొంత ఊరు గుర్తొచ్చిందేమో, నోరు మూసుకుని, వెళ్లొస్తానని కూడా చెప్పకుండా కారెక్కారు.

ఉత్తర్వు ప్రకటన కాలేదు. ప్రకటించని ఉత్తర్వు అమలు చేయడానికి ఈలయ్యకు అధికారం లేదు. పాత ఉత్తర్వులోని పది నిమిషాలు చాలవని సంచాలకులే నిండు సభలో అన్నారు కాబట్టి అదీ చెల్లదు. ఈలయ్య ఈల జేబులో వేసుకుని, ఇంటికి రెండు కిలోలు టమాటా బేరం ఆడాడు. అతనిది అనంతపురం యాస. ఎవరూ ఏమీ అనలేదు.

దస్తగిరి అరుగెక్కి గొంతు సవరించుకున్నాడు. "గంగులమ్మ కాయ! దోరకాయ! పాట ఎవురిది?" అని పాడాడు. రెండు ఊళ్లకు వినపడింది. కాకులు లేచాయి.

టీ వచ్చింది. సాహుకు ఒక గ్లాసు ఇచ్చి, ఇంకొకటి దస్తగిరి చేతికిచ్చాడు కదిరప్ప.

"ఇది షెడ్డులో ఆయప్పకు ఇయ్యి. దినామూ ఇయ్యి, టిఫిను గూడా. పాపం, మంచోడు."

"ఏమన్నా అడుగుతాడా అన్నా?"

"అడగడు. నువ్వు గూడా పలకరించొద్దు." కదిరప్ప ఊదుకుంటూ ఒక గుక్క తాగాడు. "టమాటా కాలం అయిపొయ్యేదాకా ఆయప్ప ఆలోచన చెదరకూడదు."